జనాభా, నేల, అభివృద్ధి: కోనసీమ అనుభవం

జనాభా పెరుగుదల గురించి రాయబోయే రచయితకు ఒక చిత్రం తయారుగా దొరుకుతుంది: చిన్న గుడిసె, అరడజను మంది పిల్లలు, మరొకరిని కడుపున మోస్తున్న తల్లి. ఆ ఇంటి దారిద్ర్యానికి ఆ తల్లి కడుపే కారణమని చివర్లో ఒక చదువుకున్న పాత్ర తీర్పు చెబుతుంది. ఇలాంటి కథలకూ నాటికలకూ మనకు కొరత లేదు. వాటి వెనకనున్న సిద్ధాంతాన్ని మనమెరిగిన కోనసీమ నేలమీద పెట్టి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ సిద్ధాంతం ఇంగ్లండుకు చెందిన మాల్థస్‌ది. జనం గుణశ్రేఢిలోనూ, తిండి అంకశ్రేఢిలోనూ పెరుగుతాయని ఆయన 1798లో వాదించాడు. కరువులూ రోగాలూ ఆ తేడాను సరిచేస్తాయన్నాడు. మార్క్స్ దీన్ని ఖండించాడు. అన్ని కాలాలకూ వర్తించే జనాభా సూత్రమంటూ లేదనీ, ప్రతి ఉత్పత్తి విధానానికీ దాని సూత్రం దానికుంటుందనీ చెప్పాడు. 1800 ప్రాంతంలో సుమారు 100 కోట్లున్న ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది. తిండి అంతకు మించి పెరిగింది. అయినా ఆకలి పోలేదు.

ఇక గోదావరి ప్రాంత చరిత్ర చూద్దాం. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల పైచిలుకు. 1841 నాటికి అది 6 లక్షల లోపుకు పడిపోయింది. ఇరవయ్యేళ్లలో తినే నోళ్లు తగ్గాయి. మాల్థస్ ప్రకారం మిగిలినవారికి సుఖం దక్కాలి. కాని ఆ ఇరవయ్యేళ్లూ కరువులు, తుఫానులు, శిస్తుల భారంతో గడిచాయి. నది నిండా నీళ్లున్నా పొలానికి నీరు లేదు. 1847లో కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. సరిహద్దులు కొంత మారినమాట నిజమేగాని, 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. అదే నేల అంతమందినీ పోషించింది. నేల శక్తి అనేది ప్రకృతి ఒకసారి రాసిపెట్టిన అంకె కాదు. నీరు, శ్రమ, యాజమాన్యం కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

అయితే సంఖ్యకు ప్రాధాన్యమే లేదనడం కూడా పొరపాటే. గౌతమికీ వసిష్ఠకూ మధ్య సముద్రాన్ని ఆనుకుని ఉన్న కోనసీమ ఎటూ విస్తరించడానికి వీలులేని నేల. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లా పరిధిలో, 2011 లెక్కల ప్రకారం, సుమారు 17 లక్షల మంది ఉన్నారు. అంటే చదరపు కిలోమీటరుకు 800 మందికి పైగా. ఇళ్లస్థలాలకూ తాగునీటికీ ఆ ఒత్తిడి తగులుతూనే ఉంది.

కాని జననాల వేగం ఎప్పుడో తగ్గింది. 2001–2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరగగా ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా పెరిగింది 5 శాతమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7గా తేలింది. జనాభా నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ.

మరి కుటుంబం చిన్నదయ్యాక నేలకు ఊపిరి ఆడిందా? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. తినేవాళ్లు లేక కాదు. ఖర్చులకు ధర చాలక, మురుగు పోయే దారి లేక నాట్లు మానేశారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పు పక్క చేలలోకీ బావుల్లోకీ ఊరుతుంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు నీరు ఎగదన్ని కేశనపల్లి కొబ్బరితోటలు మోడువారాయి. మన రాష్ట్రపు రొయ్యల్లో అధికభాగం అమెరికా వంటి దేశాల భోజనబల్లలకు పోతుంది. కనుక ఈ నేలమీది ఒత్తిడి కోనసీమ తల్లులు కన్న బిడ్డలది మాత్రమే కాదు, పిల్లలు తక్కువై కొనుగోలుశక్తి ఎక్కువైన దూరదేశాలది కూడా. ఇంట్లో ఇద్దరే పిల్లలున్నా వలస ఆగలేదు. ఇక్కడి పేద స్త్రీలు నేటికీ కువైట్, ఒమాన్‌లలో ఇంటిపనికి వెళ్తున్నారు.

సుస్థిర అభివృద్ధి అన్న మాటను ఇక్కడే అర్థం చేసుకోవాలి. రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమని 1987లో ఐక్యరాజ్యసమితి కమిషన్ నిర్వచించింది. ఆ నిర్వచనం అవసరాల్లో పేదల కనీసావసరాలకు మొదటి స్థానమిచ్చింది. కోనసీమ భాషలో చెప్పాలంటే: మనవడు దింపు తీయవలసిన చెట్టును తాత చెరువు కోసం కొట్టనవసరం లేని స్థితి. ఆ చెట్టు తాతదా, కౌలుకిచ్చిన కామందుదా అన్నది తరువాతి ప్రశ్న. ఎందుకంటే కౌలుదారు నిర్ణయించలేని చోట సుస్థిరత ఉపన్యాసానికే మిగులుతుంది.

ఇక స్త్రీ సంగతి. మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. పురుషుల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవని అదే సర్వే చెబుతుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 చట్టం చెప్పింది. 2024లో శాసనసభ ఆ నిబంధన తొలగించింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. రెండు నినాదాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. వాటి మూలం మాత్రం ఒక్కటే: ఎందరిని కనాలో ఆమె కాక మరెవరో నిర్ణయించడం.

నిన్న కనవద్దన్న నినాదానికి నాటికలు రాసిపెట్టిన సాహిత్యం, రేపు కనమన్న నినాదానికీ రాసిపెట్టగలదు. ఆ ప్రమాదం నుంచి తప్పించుకోవాలంటే రచయిత గుడిసెలోని పిల్లలను లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఆ గుడిసె ఎవరి గట్టుమీద ఉంది, కాలువ నీరు ఎవరి చేనిదాకా వచ్చి ఆగింది, ఆ తల్లికి కూలి ఎంత, ఆమె మాటకు ఇంట్లో విలువ ఎంత అని కూడా విచారించాలి. ప్రతి బిడ్డా ఒక నోటితో పాటు రెండు చేతులతో పుడతాడు. ఆ చేతులకు పని లేకుండా చేసిన కారణాలను చూపగలిగిన కథే జనాభా సమస్యను గురించి చెప్పిన కథ అవుతుంది.