ముందు ఉడకాలి, తర్వాత కరగాలి

హైదరాబాద్‌కు పడమర వైపు, ఉస్మాన్‌సాగర్ దగ్గర ఉన్న చిల్కూరు పేరు ఈ సంచిక చదివే ఇళ్లలో చాలామందికి తెలుసు. అక్కడి బాలాజీ గుడిలో కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు చేస్తారు, అది తీరాక 108. పై దేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువగా మొక్కుకునే గుడి కావడంతో వీసా బాలాజీ అన్న పేరు నిలిచిపోయింది. వీసా వచ్చాక ఇంట్లో సూట్‌కేసు సర్దడం మొదలవుతుంది. ఆవకాయ, కారప్పొడి, చింతపండు, కందిపప్పు, ప్రెషర్ కుక్కర్ అన్నీ బరువు చూసుకుని పెడతారు. ఆ జాబితాలో ఎప్పుడూ రాయనిది వంట చేసే పద్ధతి. ఒక వంట దేశం దాటాక కూడా తన రుచితో నిలవాలంటే దాని సరుకులన్నీ దొరకనక్కర్లేదనీ, ఏ సరుకు ఏ పని చేస్తుందో, ఏది ముందు ఏది వెనుక పడాలో తెలిస్తే చాలుననీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. అందుకు చిల్కూరు, మొయినాబాద్, చేవెళ్లల వంటింటి పక్కన ఎంతో దూరంలోని మరో వంటింటిని పెట్టి చూద్దాం. అది నైజీరియాలోని ఇగ్బో ప్రజలది. ఆ వంట పేరు ఒఫె న్సాలా. యామ్ గడ్డతో చిక్కబరిచే తెల్లని సూపు అది.

ఇగ్బోల ఊళ్లు నైజీరియా ఆగ్నేయ భాగంలో ఉన్నాయి. మీలో కొందరు బడిలో చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చదివే ఉంటారు. 1958లో వచ్చిన ఆ పుస్తకంలో యామ్ పంటే మగవాడి పరువు. చేమ, బీన్స్ వంటివి ఆడవాళ్ల పంటలు. ఆ గౌరవం కథ కోసం కల్పించింది కాదు. ప్రపంచంలో పండే యామ్‌లో సుమారు మూడింట రెండు వంతులు నైజీరియాలోనే పండుతుంది. ఇగ్బో ఊళ్లలో కొత్త గడ్డలను ముందు దేవతలకు, పూర్వీకులకు సమర్పించి ఆ తర్వాతే తినే పండుగ ఉంది, దాని పేరు ఇరి జి. గడ్డను ఉడికించి, రోట్లో దంచి, ముద్ద చేసి, చిన్న ఉండ తీసి వేళ్లతో నొక్కి సూపులో ముంచి మింగుతారు. జొన్న గట్క, పచ్చిపులుసు కలిపి తిన్నవాళ్లకూ, సంకటి ముద్దను పులుసులో అద్దుకుని తిన్నవాళ్లకూ ఈ తిండి తీరు కొత్తగా ఉండదు. ఇక్కడ గమనించాల్సిన సంగతి మరొకటుంది. ముద్దగా కంచంలోకి వచ్చే యామే కొంచెం సూపులోకీ పోతుంది. ఆ నేల ఏ పంటను ఎక్కువగా దాచుకుంటుందో ఆ పంటే కడుపూ నింపుతుంది, చారునూ చిక్కబరుస్తుంది.

ఒఫె న్సాలా వండే తీరు ఇది. కోడిమాంసమో క్యాట్‌ఫిషో ఉప్పు, మిరపకాయలు వేసి నీళ్లలో ఉడకబెడతారు. ఆ నీళ్లలోనే చెక్కు తీసిన యామ్ ముక్కలు కూడా వేస్తారు. కిలో మాంసానికి పావుకిలో గడ్డ సరిపోతుంది. ముక్క మెత్తబడగానే బయటికి తీసి, నీళ్లు చల్లకుండా వేడి మీదే రోట్లో జిగురు సాగేదాకా దంచుతారు. ఈలోపు మరుగుతున్న సూపులో ఎండు చేప, క్రేఫిష్ పొడి, నూనెగింజలను పులియబెట్టి చేసిన ఓగిరి, మన మిరియానికి దగ్గరి చుట్టమైన ఊజీజా గింజల పొడి పడతాయి. అప్పుడు దంచిన యామ్‌ను ఉసిరికాయంత ఉండలుగా చేసి అందులో జారవిడిచి మూత పెడతారు. పది నిమిషాల్లో ఉండలు కరిగి సూపు చిక్కబడుతుంది. అవి పూర్తిగా కరగకముందే సరిపడా చిక్కదనం వచ్చేస్తే మిగిలినవాటిని గరిటెతో తీసేస్తారు. చివర్లో చేదుగా ఉండే ఊటాజి ఆకును సన్నగా తరిగి చిటికెడు వేస్తారు. పామాయిల్ వేయరు కాబట్టి రంగు తెల్లగా ఉంటుంది, దీన్ని తెల్ల సూపు అనేది అందుకే. ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికా దుకాణాల్లో యామ్ అని రాసి పెట్టే నారింజరంగు గడ్డ చాలాసార్లు చిలగడదుంపే, దానితో ఈ సూపు తియ్యబడుతుంది. ఆఫ్రికన్ దుకాణాల్లో దొరికే, బెరడులాంటి తోలూ తెల్లటి లోపలి భాగమూ ఉన్న గడ్డే కావాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. చిక్కబడటమే కావాల్సింది అయితే రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపితే సరిపోదా, రోలూ రోకలీ ఎందుకు? గంజి పదార్థం ఏదైనా చేసే పని ఒకటే అన్న మాటలో నిజముంది. పిండిపదార్థపు రేణువులు వేడి నీళ్లలో నీరు పీల్చి ఉబ్బుతాయి. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ చేరాక విచ్చుకుని చుట్టూ ఉన్న నీటిని పట్టి ఉంచుతాయి. మొక్కజొన్న పిండీ అదే చేస్తుంది, యామూ అదే చేస్తుంది. తేడా క్రమంలో ఉంది. పచ్చి పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పైపొర ముందే ఉడికి, లోపల పొడిగా మిగిలి ఉండలు కడుతుంది. అందుకే దాన్ని చన్నీళ్లలో కలిపి పోయాలి. యామ్ ఉడికాకే దంచబడుతుంది. దాని రేణువులు అప్పటికే ఉబ్బి ఉంటాయి, దంపుడులో గడ్డ కణాలూ నలిగి ఉంటాయి. అందుకే ఉండగా వేసినా కరుగుతుంది. పైగా అది ఉడికింది ఆ మాంసపు నీళ్లలోనే. ఉప్పూ కారమూ పీల్చుకుని బయటికి వచ్చి, తన రుచిని కూడా కలుపుకుని మళ్లీ అదే గిన్నెలోకి పోతుంది. కార్న్‌ఫ్లోర్ చిక్కదనం ఒక్కటే ఇస్తుంది, రుచిలో దానికి వాటా లేదు. తొందరలో వండుకునే రోజున దాన్ని వాడటం తప్పేం కాదు. యామ్‌కు అది సమానమనుకోవడమే తప్పు.

ఇప్పుడు చేవెళ్ల వైపు చూద్దాం. చిల్కూరు పొలిమేర నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని పోతే మొయినాబాద్, చేవెళ్ల వస్తాయి, ఇంకా ముందుకు పోతే తాండూరు సీమ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడటానికి 1996లో వచ్చిన 111 నంబరు జీవో 84 ఊళ్లలో కట్టడాలను అదుపు చేసింది. నగరం ఇంత దగ్గరికి వచ్చినా ఈ పక్క కూరగాయల తోటలు, పూల తోటలు మిగలడానికి అదొక కారణం. వానమీద ఆధారపడిన పాత సేద్యంలో జొన్న, కంది ముఖ్యం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ నేలలో యామ్ ముఖ్యమైన పంట కాదు. అయితే ఇక్కడి చారు దేనితో చిక్కబడుతుంది? కందిపప్పుతో. పప్పుచారు చేసే వరస గుర్తుచేసుకోండి: పప్పును విడిగా మెత్తగా ఉడికిస్తారు, పప్పుగుత్తితో మెదుపుతారు, ఆ తర్వాతే చింతపండు పులుసులో కలిపి మరిగిస్తారు. ఉడికించు, మెదుపు, తిరిగి కలుపు. ఇగ్బో ఇల్లాలు యామ్‌తో చేసే పనే మన ఇల్లాలు కందిపప్పుతో చేస్తోంది. పంట వేరు, పని ఒకటే.

ఈ వరస తప్పితే ఏమవుతుందో చూస్తే పెద్దవాళ్ల పట్టుదలకు కారణం తెలుస్తుంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఎంతసేపు ఉడికినా గింజగానే ఉంటుంది, చామగడ్డ ముక్క గట్టిగానే మిగులుతుంది. పులుపు తగిలినప్పుడు గింజల్లోనూ గడ్డల్లోనూ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ త్వరగా కరగకపోవడమే అందుకు కారణం. మెత్తబడింది అనిపించాకే పులుసు పోయాలన్న ఇంటి నియమం ఈ రసాయనం మీదే నిలబడింది. ఇంకో సంగతి ఉంది. పిండిపదార్థాన్ని పుల్లని నీళ్లలో చాలాసేపు మరిగిస్తే దాని గొలుసులు తెగి పులుసు మళ్లీ పలచబడుతుంది. అందుకే బియ్యప్పిండి వేసి చిక్కబరిచే ఇళ్లలో దాన్ని నీళ్లలో కలిపి చివర్లో పోస్తారు. హైదరాబాద్ బగారా బైంగన్‌లోనూ మిర్చి కా సాలన్‌లోనూ మరో దారి కనిపిస్తుంది. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి వేస్తారు. వీటిలో చిక్కదనం ఎక్కువగా నూనె, మాంసకృత్తులు, సన్నని నలుసుల వల్ల వస్తుంది కాబట్టి చింతపండులో ఎంతసేపు సన్నటి మంటమీద ఉంచినా చెదరదు. ఒఫె న్సాలాలో పులుపు లేదు, అక్కడ గడ్డ చాలు. మన వంటలో పులుపు తప్పదు, అందుకే పప్పు, నువ్వులు, పల్లీలు. ఏ వంటింటి ఎంపికా ఊరికే జరగలేదు.

ఇక్కడ సంప్రదాయం మీద గట్టి పట్టున్నవాళ్లు అడగవచ్చు: సరుకులు మార్చుకోవచ్చంటే ఇక అసలు వంట అనేది ఎక్కడ మిగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మన పొలాలే చెబుతున్నాయి. మనం తరతరాల సొత్తనుకునే జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. తూర్పు సూడాన్‌లో ఐదు వేల ఏళ్ల కిందటే అది సాగులోకి వచ్చినట్టు ఆధారాలున్నాయి, అక్కడి నుంచి వేల ఏళ్ల కిందటే మన దేశానికి చేరింది. తెలంగాణ మెట్ట చేలలో పెరిగే ఆముదమూ ఆఫ్రికా నుంచే వచ్చింది. ఇగ్బోలు ఎదె అనే చామగడ్డ, వాళ్లు పండించే యామ్‌లలో ఒకటైన పెండలం ఆసియాలో పుట్టి ఆఫ్రికా చేరాయి. ఇక మన పల్లీ, మిరప రెండూ అమెరికా ఖండాలవి. మిరపకాయ రాకముందు కూడా మనవాళ్లు మిరియంతో కారం తిన్నారు, పల్లీ రాకముందు నువ్వులతో చిక్కబరిచారు. సరుకు మారినా పని మారలేదు కాబట్టే వంట తెగిపోలేదు. ఇగ్బో వంటవాళ్లూ ఇదే చేస్తారు. యామ్ చేతిలో లేనప్పుడు ఆచి, ఒఫోర్ అనే చెట్ల గింజల పిండి వాడతారు, పై దేశాల్లో ఓట్స్‌తోనో ఆలుగడ్డ పొడితోనో సర్దుకునేవాళ్లూ ఉన్నారు.

అంతమాత్రాన ఏది పడితే అది వేయవచ్చని కాదు. పని తెలిసినవాడికే మార్పు చేతనవుతుంది. ఒఫె న్సాలాకు యామ్ దొరకలేదనుకోండి. మన దుకాణంలో కంద కనబడుతుంది. కానీ కందలో సూదుల్లాంటి ఆగ్జలేట్ స్ఫటికాలు ఉంటాయి, నోరూ గొంతూ దురద పెడతాయి. మన ఇళ్లలో దాన్ని చింతపండుతో వండేది అందుకే. పులుపు లేని తెల్ల సూపులో కంద కుదరదు. చామగడ్డ అంతకన్నా నయం. తోలుతోనే మెత్తగా ఉడికించి, ఒలిచి, దంచి వేయవచ్చు. ఇగ్బోలు కూడా చేదాకు సూపును, ఒహా ఆకు సూపును సరిగ్గా ఇలాగే చామగడ్డతో చిక్కబరుస్తారు. దానికీ దురద గుణం ఉంది కాబట్టి సగం ఉడికిన గడ్డ పనికిరాదు. క్రేఫిష్ బదులు ఎండురొయ్యల పొడి, ఊజీజా బదులు మిరియం, ఊటాజి బదులు నాలుగు మెంతి ఆకులు సరిపోతాయి. ఓగిరికి మాత్రం ఇంట్లో ప్రయత్నం చేయకండి. దాన్ని కొన్నిచోట్ల ఆముదం గింజలతో చేస్తారు, పచ్చి ఆముదం గింజ విషం. చాలాసేపు ఉడికించి పులియబెట్టే చేయితిరిగినవాళ్ల పని అది. అది లేకుండానే వండండి, వడ్డించేటప్పుడు ఏం మార్చారో చెప్పండి. అలా చెప్పి పెట్టినప్పుడు మార్పు మోసం అనిపించుకోదు.

తెలుగు సంఘం సంచికలో ఇగ్బో సూపు ఎందుకన్నది చివరి అభ్యంతరం. మన వంటే సగం మరిచిపోతున్న పిల్లలకు ఇంకొకరి వంట నేర్పడం దేనికని పెద్దలు అనవచ్చు. రోజూ కళ్లెదుట జరిగే పని మనకు ఆనదు. పప్పు మెదపడం ఒక పద్ధతి అని మనకు తోచదు, అది అలవాటు మాత్రమే అనుకుంటాం. వేరే చోట వేరే పంటతో అదే పని జరుగుతుంటే చూసినప్పుడు మన అలవాటు వెనుక ఉన్న ఆలోచన బయటపడుతుంది. ఇగ్బోలకూ మనకూ మరో పోలిక ఉంది. కూతురు ప్రసవించాక ఆమె తల్లి వచ్చి వారాల తరబడి ఉండి బాలింతనూ బిడ్డనూ చూసుకునే ఆచారాన్ని వాళ్లు ఒముగ్వో అంటారు. ఆ రోజుల్లో ఊడా అనే ఘాటైన కాయ వేసి వండిన న్సాలాను బాలింతకు వేడివేడిగా పెడతారు. మన అమ్మమ్మలు విజిటర్ వీసా మీద డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లి కూతుళ్లకు వాము, వెల్లుల్లి కారంతో పథ్యం పెట్టడం ఇలాంటిదే. రెండు చోట్లా దేశం దాటి వెళ్లింది పెద్దవాళ్ల చేతిలో ఉన్న వరసే. సరుకుల్లో సగం అక్కడి దుకాణంలోనే కొన్నారు.

కాబట్టి ఇంట్లో వంట నేర్చుకునేటప్పుడు ఏమేం వేయాలని మాత్రమే అడిగితే చేతికి ఒక చీటీ వస్తుంది. ఆ చీటీలో ఒక్క వస్తువు దొరకని రోజున వంట ఆగిపోతుంది. ఇది ఎందుకు వేస్తున్నావు, ఇప్పుడే ఎందుకు వేస్తున్నావు, ముందే వేస్తే ఏమవుతుంది అని అమ్మమ్మనూ నాన్ననూ అడగండి. వాళ్లకు పెక్టిన్ పేరు తెలియకపోవచ్చు, పులుపు ముందు పడితే పప్పు ఉడకదన్నది మాత్రం తప్పక చెబుతారు. ఆ జవాబును సరుకుల పక్కనే రాసిపెట్టుకోండి. మీ సంఘం వాళ్లు వంటల పుస్తకం వేస్తే ప్రతి వంటకూ ఈ కారణాల వరుస ఒకటి చేర్చమని అడగండి. మీ బడిలోని ఇగ్బో స్నేహితుల ఇళ్ల నుంచీ అలాంటిదే ఒకటి రాయించి పక్కన పెట్టండి. రెండు కలిపి చదివినవాడు కందిపప్పు దొరకని ఊళ్లోనూ పప్పుచారు చేసుకోగలడు, యామ్ దొరకని చోటా న్సాలా వండి పెట్టగలడు.