రిజర్వ్ గోల్‌కీపర్ మార్పిడి : లాభం ఎవరికి?

జంషెడ్‌పూర్ : తుది జట్టులో చోటు దక్కని అనుభవజ్ఞుడైన గోల్‌కీపర్‌ను అట్టిపెట్టుకోవడం మేలా, వదులుకోవడం మేలా? ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బుకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. 2021 జనవరిలో హైదరాబాద్ ఎఫ్‌సి, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల మధ్య కుదిరిన మార్పిడి ఒప్పందం ఇందుకు చక్కని ఉదాహరణ. హైదరాబాద్ నుంచి సుబ్రతా పాల్ కోల్‌కతా క్లబ్బుకు, అక్కడి శంకర్ రాయ్ హైదరాబాద్‌కు, సీజన్ ముగిసేవరకు అరువు పద్ధతిపై మారారు. వీరిలో సుబ్రతా పాల్ ఈ ఉక్కు నగరంలో తయారైన ఆటగాడు కావడం గమనార్హం.

ఉక్కు నగరం నుంచి...

జంషెడ్‌పూర్‌లో 1987లో నెలకొల్పిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ దేశానికి ఎందరో క్రీడాకారులను అందించింది. అక్కడ శిక్షణ పొందిన సుబ్రతా 2011 ఆసియా కప్‌లో దక్షిణ కొరియాపై భారత్ 1-4 తేడాతో ఓడినప్పటికీ, గోల్ ముందు ప్రదర్శించిన ప్రతిభతో ప్రశంసలందుకున్నాడు. 2017లో టాటా స్టీల్ యాజమాన్యంలో జంషెడ్‌పూర్ ఎఫ్‌సి అవతరించినప్పుడు గోల్ రక్షణ బాధ్యతను చేపట్టాడు. మూడు సీజన్ల అనంతరం 2020లో హైదరాబాద్‌కు తరలివెళ్ళాడు. అతడి స్థానంలో జంషెడ్‌పూర్ రెహనేష్‌ను తెచ్చుకున్నది. హైదరాబాద్‌లో మాత్రం లక్ష్మీకాంత్ కట్టిమణి ప్రధాన గోల్‌కీపర్‌గా నిలదొక్కుకోవడంతో సుబ్రతా బెంచికి పరిమితమయ్యాడు.

బీమా వంటి ఖర్చు

మిగిలిన స్థానాల ఆటగాళ్ళను మ్యాచి మధ్యలో మార్చడం పరిపాటి. గోల్‌కీపర్‌ను మాత్రం గాయమో, రెడ్ కార్డో వస్తే తప్ప సాధారణంగా మార్చరు. ఫలితంగా రెండవ గోల్‌కీపర్ నెలల తరబడి మైదానంలోకి దిగకుండానే వేతనం తీసుకుంటాడు. క్లబ్బుకు ఇది బీమా ప్రీమియం వంటిది. ప్రమాదం జరగనంత కాలం దండుగగా తోస్తుంది. జరిగిననాడు అదే ఆదుకుంటుంది. ఆటగాళ్ళ వేతనాల మొత్తానికి లీగ్ గరిష్ఠ పరిమితి విధించినందున ఈ లెక్క మరింత కీలకమైనది. ఆటగాడికి జరిగే నష్టం వేరు. వయసు మళ్ళుతున్న దశలో ఆడకుండా గడిచిన సీజన్ తిరిగి రాదు.

ఈ దృష్టితో చూస్తే ఒప్పందం ఉభయులకూ సబబైనదే. హైదరాబాద్ బెంచిని ఖాళీగా వదలలేదు. పేరున్న రిజర్వ్‌కు బదులు మరొక రిజర్వ్‌ను తీసుకున్నది. ఈస్ట్ బెంగాల్‌కు అనుభవం లభించింది. సుబ్రతాకు మైదానం దక్కింది.

పట్టిక చెప్పిన తీర్పు

2020-21 లీగ్ దశ ముగిసేసరికి హైదరాబాద్ 29 పాయింట్లతో 5వ స్థానంలోను, జంషెడ్‌పూర్ 27 పాయింట్లతో 6వ స్థానంలోను, ఈస్ట్ బెంగాల్ 17 పాయింట్లతో 9వ స్థానంలోను నిలిచాయి. అయితే ఈస్ట్ బెంగాల్ వైఫల్యాన్ని గోల్‌కీపర్‌కు అంటగట్టడం న్యాయం కాదు. ఆ క్లబ్బుకు లీగ్ ప్రవేశమే ఆలస్యంగా లభించడంతో సన్నాహాలకు తగిన వ్యవధి చిక్కలేదు.

మరుసటి సీజన్ ఫలితాలు మరింత ఆసక్తికరం. 43 పాయింట్లతో లీగ్ షీల్డ్‌ను జంషెడ్‌పూర్ గెలుచుకున్నది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకోగా, కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ట్రోఫీని కైవసం చేసుకున్నది. సుబ్రతాను వదులుకున్న రెండు క్లబ్బులూ ఒకే సీజన్‌లో విజేతలు కావడం విశేషం.

దీన్నిబట్టి సుబ్రతా విలువ తక్కువని భావించడం పొరపాటు. ప్రధాన గోల్‌కీపర్ ఎవరన్నది ముందుగా తేల్చుకుని, అతడిపై నమ్మకముంచిన క్లబ్బులకే ఫలితం దక్కింది. రిజర్వ్ ఆటగాడి మార్పిడిని అతడి కీర్తితో తూచలేము. మైదానంలో మిగిలినవాడు నిలబడ్డాడా లేదా అన్నదే అసలు కొలమానం.