వీసా కాగితం మీద ఏ పని రాసి ఉంది?

కొన్ని నెలల క్రితం ఒక సోమవారం, ఓపీ రద్దీ తగ్గిన తర్వాత, ఒక సోదరి మా నర్సింగ్ సూపరింటెండెంట్ గది ముందు వచ్చి నిలబడింది. వయసు 27 ఏళ్లు. చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. ఇద్దరు చిన్న పిల్లలు.

"సిస్టర్, మీ దవాఖానల రెండేండ్లు పని చేసినట్టు ఒక సర్టిఫికెట్ రాసియ్యుండ్రి. దుబాయిల ముసలమ్మను చూసుకునే పని దొరికింది. ఏజెంట్ గదే అడుగుతుండు" అంది.

ఆమె మా ఆసుపత్రిలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయలేదు. నిరుడు అత్తగారిని మా వార్డులో చేర్పించినప్పుడు పన్నెండు రోజులు మంచం పక్కనే ఉండి సేవ చేసింది. చాలా బాగా చేసింది. అయినా లేని అనుభవం ఉన్నట్టు రాసి ఇవ్వలేము కదా. సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ ఆమెను ఊరికే పంపించివేయలేదు. "నీ వీసా కాగితం తీసుకొని రా, కలిసి చదువుదాం" అన్నాము.

అలా అనడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా ఆయాలలో ఒకరు రోగుల సేవ పని దొరికిందని గల్ఫ్‌కు బయలుదేరారు. మేమంతా సంతోషించి, ప్రార్థన చేసి, టీ పార్టీ ఇచ్చి పంపించాము. ఆమె వీసా ఎవరి పేరుతో ఉందో, ఏ పని మీద ఉందో మాలో ఒక్కరం కూడా అడగలేదు. అది ఇంటి పనిమనిషి వీసా. గల్ఫ్ నుండి వచ్చినవాళ్లు ఖద్దామా అంటారే, అదే. రెండేళ్లు పెద్ద కుటుంబానికి వంట, బట్టలు, గిన్నెలు అన్నీ చేసి, నడుము నొప్పితో తిరిగి వచ్చారు. ఆ రోజు మేము అడగవలసిన ప్రశ్న అడగలేదన్న బాధ మాకు ఇంకా ఉంది.

మన జిల్లాలు, ఈ పని

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో గల్ఫ్ సంగతి తెలియని ఊరు లేదు. 2016లో జిల్లాలు విడిపోయి జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అయినా కథ మాత్రం ఒకటే. మొదట మగవారు కూలి పనులకు వెళ్లారు. తర్వాత ఆడవారు కూడా వెళ్తున్నారు. వృద్ధులను, మంచం పట్టినవారిని చూసుకునే కేర్‌గివర్ పనికి మన తెలుగువారు ఇజ్రాయెల్ వరకు వెళ్లారు. 2023లో ఆ దేశంలో ఉన్న భారతీయులు సుమారు 18 వేలు. వారిలో ఎక్కువమంది కేర్‌గివర్లే. ఆ సంవత్సరం మే నెలలో 42 వేల మంది భారతీయులను నిర్మాణ, నర్సింగ్ పనులకు తీసుకోవడానికి రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. అక్టోబరు 7న అక్కడ దాడి, ఆ వెంటనే యుద్ధం వచ్చాయి. ఎక్కడికి పంపిస్తున్నారో తెలుసుకోవడం ఎంత అవసరమో అప్పుడు చాలా కుటుంబాలకు అర్థమయింది.

ఈ పని చెడ్డది కాదు. ధనిక దేశాలలో వృద్ధులు పెరుగుతున్నారు, చూసుకునే చేతులు తగ్గుతున్నాయి. కాబట్టి అవకాశాలు నిజమే. మోసాలు కూడా నిజమే.

స్పాన్సర్‌షిప్ అంటే ఏమిటి?

"ఈ మనిషి నా దగ్గర ఈ పని చేయడానికి కావాలి" అని అక్కడి యజమాని తన ప్రభుత్వానికి చెప్పి వీసా తెప్పించడమే స్పాన్సర్‌షిప్. గల్ఫ్‌లో ఆ యజమానిని కఫీల్ అంటారు. వీసా యజమానికి ముడిపడి ఉంటుంది కాబట్టి యజమాని పోతే మన నిలకడ కూడా కదిలిపోతుంది.

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ చూసుకునే పెద్దాయన చనిపోతే వేరే యజమానిని వెదుక్కోవాలి. మామూలుగా 63 నెలలు దాటిన తర్వాత కొత్త యజమాని దగ్గరకు మారే వీలుండదు. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు తలుపు తెరిచింది. 2024 మార్చి నుండి కుటుంబాన్ని వెంట తెచ్చుకోనివ్వలేదు. 2025 జూలై 22 నుండి విదేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపివేసింది. కాబట్టి "ఇక్కడి నుండి లండన్ కేర్ వీసా ఇప్పిస్తాం" అని ఇప్పుడు ఎవరైనా అంటే నమ్మవద్దు. జపాన్‌తో మన దేశానికి 2021 జనవరిలో ఒప్పందం జరిగింది. అక్కడ వృద్ధుల సేవకు అయిదేళ్ల వరకు పని చేయవచ్చు. కానీ జపాను భాష పరీక్ష, పని పరీక్ష రెండూ పాస్ కావాలి. భాష నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు లేకుండా పంపిస్తామన్నవాడు నిజం చెప్పడం లేదు.

ఆ సోదరి కాగితం

వారం తర్వాత ఆమె కాగితం తెచ్చింది. అందులో యజమాని పేరు లేదు, పని పేరు లేదు. అది 30 రోజుల టూరిస్టు వీసా.

ఎందుకలా ఇచ్చాడు? పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ కిందికి వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు వారు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆడవారికైతే 30 ఏళ్లు నిండాలి. అలాంటి మహిళలను ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా 2016లో వచ్చింది. ఈమెకు 27 ఏళ్లే. అనుమతి రాదని ఏజెంటుకు తెలుసు. అందుకే చుట్టం చూపుకు పోతున్నట్టు విమానం ఎక్కించాలని చూశాడు. అక్కడ దిగాక ఏ ఇంట్లో దించుతారో, ఏ దేశానికి దాటిస్తారో ఎవరికీ తెలియదు. ప్రభుత్వం దగ్గర ఆమె పనికి వెళ్లినట్టు ఒక్క ముక్క కూడా ఉండదు.

డబ్బు కట్టక ముందు అడగండి

ఒకటి: వీసా మీద ఏ పని రాసి ఉంది? నోటిమాటకు, కాగితానికి తేడా ఉంటే కాగితమే నిజం.

రెండు: యజమాని పేరు, జీతం, పని గంటలు, సెలవు రాసిన ఒప్పందం మీ చేతిలో ఉందా? అర్థమయ్యే భాషలో చదివించుకున్నారా?

మూడు: ఏజెంటుకు లైసెన్సు ఉందా? ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి.

నాలుగు: ప్రవాసీ భారతీయ బీమా చేయించారా? రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో మరణిస్తే లేక శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది.

ఆరోగ్యం గురించి

గల్ఫ్ మెడికల్‌ను వారు గుర్తించిన కేంద్రాలలోనే చేస్తారు. మా సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా నయమైనా, ఎక్స్-రేలో మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్ చేయవచ్చు. గర్భిణులను, హెపటైటిస్-బి ఉన్నవారిని కూడా ఆపివేస్తారు. కాబట్టి అప్పు చేయక ముందే మీ డాక్టరుకు చూపించుకోండి. పాత చికిత్స కార్డులు పారేయవద్దు.

పని కూడా నేర్చుకొని వెళ్లండి. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడవు. లేపేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. పొలమారకుండా కూర్చోబెట్టి తినిపించాలి. బీపీ, షుగర్ చూడడం రావాలి. ఇవి తెలిసినవారికి అబద్ధపు సర్టిఫికెట్ అవసరం రాదు.

ఎవరిని అడగాలి?

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. విదేశాంగ శాఖ ఉచిత ఫోను 1800 11 3090. గల్ఫ్ బాధితుల కోసం ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి 2024 సెప్టెంబరులో మొదలయింది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అదే నెలలో నిర్ణయించింది.

ఆ సోదరి పుస్తెలతాడు తాకట్టు పెట్టి 40 వేలు అడ్వాన్సు ఇచ్చింది. సంఘ పెద్దలు ఇద్దరు వెంట వెళ్లి అడిగితే పాస్‌పోర్ట్ తిరిగి వచ్చింది. డబ్బు సగమే వచ్చింది. "గా సగం పోయినా మంచిదే, నేను పోలే" అంది. ఇప్పుడు ఆమె మా మహిళా వార్డులో ఆయాగా పని చేస్తోంది. రెండేళ్లు నిండిన రోజున ఆమె అడిగిన సర్టిఫికెట్ మేమే రాసి ఇస్తాము. అప్పటికి 30 ఏళ్లకు దగ్గరవుతుంది. వెళ్లాలో వద్దో తనే నిర్ణయించుకుంటుంది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా బయలుదేరుతుంటే, డబ్బు కట్టక ముందు ఆ కాగితం తీసుకొని రండి. కలిసి చదువుదాం.