వార్తల్లో పదం: కమ్యూనిటీ రేడియో

చుట్టుపక్కల ఊళ్ల జనం కోసం లాభాపేక్ష లేని సంస్థ నడిపే చిన్న ఎఫ్ఎం కేంద్రమే కమ్యూనిటీ రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయినా అనుమతి కోసం విద్యాసంస్థలు 2002 దాకా, స్వచ్ఛంద సంస్థలు 2006 దాకా ఆగాల్సి వచ్చింది. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం 2004లో తన కేంద్రాన్ని మొదలుపెట్టింది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళల సంఘం రేడియో 2008లో గొంతు విప్పింది. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు అక్కడి యాసలోనే వినిపించింది.

ఈ కేంద్రాలకు అసలు కొరత యంత్రాలది కాదు, మాట్లాడే హక్కుది. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలనే తిరిగి వినిపించాలి. చిన్న కేంద్రాలపై నిఘా కష్టం, పుకార్లు రేగుతాయి అనేవారున్నారు. కానీ వంద వాట్ల గొంతు పది పదిహేను కిలోమీటర్లు దాటదు, లైసెన్సు పొందిన సంస్థకు పేరూ ఊరూ ఉంటాయి. రోజంతా వార్తలు గుప్పించే టీవీల విషయంలో లేని భయం ఈ కేంద్రాల విషయంలో ఎందుకు? పాడ్‌కాస్టులు వచ్చాక రేడియో ఎందుకన్న ప్రశ్నలో కొంత న్యాయముంది: వాటికి లైసెన్సు అక్కర్లేదు, వార్తలపై ఈ నిషేధమూ లేదు. కానీ వాటికి స్మార్ట్‌ఫోన్, డేటా, వెతికి వినే అలవాటు కావాలి. పొలంలో కలుపు తీసే మనిషికి చవక రేడియో చాలు. ఇక డబ్బు సంగతి. 2024లో ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకు పెంచారు. పల్లెలో పెద్ద ప్రకటనదారు మాత్రం తరచూ ప్రభుత్వమే. వార్తల నిషేధం ఎత్తేసినా, ఆ ప్రభుత్వాన్నే నిలదీయడానికి ఎన్ని కేంద్రాలు సాహసిస్తాయన్నది అనుమానమే.