పశువును కుట్టు ఈగ – దొడ్డిలోనే దాని పుట్టుక

పాలు పితుకుచుండగా గేదె కాలు విదలించి చెంబు తన్నినచో దానిని కొట్టుట వాడుక. కొట్టుటకు ముందు దాని ముంగాళ్లను చూడుడు. ఇంటి ఈగవలెనే యుండి, తల ముందు సూదివంటి తొండము పొడుచుకొని యున్న ఈగలు కనబడును. ఇవే కుట్టు ఈగలు. వీనిలో ఆడవి, మగవి కూడ రక్తము త్రాగును. వీని బాధకు పశువు నేలను తన్నుచు, తోక విసరుచు మేత మానును; పాలు తగ్గును.

పెద్దవగు జోరీగలు వేరు. అవి నీటి యొడ్డున, బురదలో పెరుగును. వానిలో ఆడవి మాత్రమే కుట్టును. జబ్బు పశువును కుట్టుచుండగా తోలినచో, మరొక దానిపై వ్రాలి సర్రా వ్యాధిని అంటించును. విడిచి విడిచి జ్వరము, రక్తహీనత, చిక్కిపోవుట కనిపించినచో వెంటనే పశువైద్యునికి చూపవలెను.

కుట్టు ఈగ మాత్రము మన దొడ్డిలోనే పుట్టును. మూత్రముతో తడిసి, పేడతో కలిసి కుళ్లిన గడ్డియే దానికి పురిటిల్లు. వేసవిలో గ్రుడ్డు ఈగ యగుటకు సుమారు 2 నుండి 3 వారములు పట్టును. కనుక వారమున కొకసారియైనను గాడి క్రింది చిత్తడి గడ్డిని, మిగులు మేతను ఎత్తివేయవలెను. వానిని పేడతో గోతిలో వేసి, అణచి, మట్టి కప్పినచో లోపలి వేడికి పురుగులు చచ్చును. ఎరువు సారమును నిలుచును.

వేపాకు పొగ ఉన్నంతసేపే ఉపశమనము. ఒక్క దొడ్డి శుభ్రమైన చాలదు. ప్రక్క దొడ్డి ఈగ మన పశువును వెదకుకొని వచ్చును. గ్రామోద్యోగులు రైతులను కూడగట్టి, వీధి వీధియంతయు ఒకే రోజున దొడ్లు ఎత్తించిన ఫలితము హెచ్చుగా నుండును.