మీకు తెలుసా? శంకర్‌పల్లి స్టేషన్‌లో చెల్లని వారెంటు

పరాయి సైన్యాన్ని తెచ్చి పెట్టుకున్న చోట చట్టం ఎవరిది? జపాన్, దక్షిణ కొరియాలు అమెరికాతో నేటికీ వాదులాడుతున్న ఈ ప్రశ్న, మన హైదరాబాద్ పాతబస్తీలోని నిజాం దర్బారుకు రెండు వందల ఏళ్ల కిందటే ఎదురైంది.

1798 సెప్టెంబరు 1న హైదరాబాద్ పాలకుడు నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. నిజాం కొలువులోని ఫ్రెంచి సైనికాధికారి రేమాండ్ తీర్చిదిద్దిన పటాలం పోయింది, కంపెనీ పటాలాలు వచ్చి కూర్చున్నాయి. వాటి ఖర్చు కింద 1800 సంధిలో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు కంపెనీపరమయ్యాయి. సీమ ప్రజలను ఒక్కమాటైనా అడగకుండా జరిగిన అప్పగింత అది. అదే సంధిలో 15వ షరతు మాత్రం గట్టిది: నిజాం బిడ్డలు, బంధువులు, ప్రజలు, నౌకర్లతో కంపెనీకి ఏ సంబంధమూ లేదు, వారిపై సర్వాధికారం నిజాందే.

కాగితం మీద మాట అది. నేల మీద జరిగింది వేరు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిసింది. చార్మినార్ నుంచి మూసీ దాటి కోఠీకి వెళ్తే, బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) నివాసం చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజారు. ఈ రెండు చోట్లా పోలీసూ కోర్టూ తెల్లదొరలవే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక పట్టాల వెంబడి భూమి మీదా బ్రిటిష్ చట్టమే నడిచింది.

ఆ పట్టాల మీదే దొరలకు ఎదురుదెబ్బ తగిలింది. సిమ్లా మేజిస్ట్రేట్ ఇచ్చిన వారెంటుతో మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే వ్యక్తిని శంకర్‌పల్లి స్టేషన్‌లో అరెస్టు చేశారు. నేరానికీ రైలుకూ సంబంధమే లేదు. కేసు లండన్‌లోని అత్యున్నత అప్పీలు న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. రైల్వే భూమి ఇంకా నిజాం రాజ్యంలోదేననీ, ఆయన వదులుకున్న అధికారం రైల్వే వ్యవహారాలకే పరిమితమనీ, కాబట్టి అరెస్టు చెల్లదనీ 1897లో తీర్పు వచ్చింది. బ్రిటిష్ న్యాయమూర్తులే తమ ప్రభుత్వ అధికారానికి హద్దు గీశారు. హైదరాబాద్ చరిత్ర పాఠాల్లో ఈ కేసుకు చోటు దక్కాలి.

రెసిడెన్సీ బజారు 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చింది. ఇప్పుడు దాన్నే సుల్తాన్ బజార్ అంటున్నాం. సికింద్రాబాద్ పట్టణం కోసం 1945 దాకా ఆగాల్సి వచ్చింది.