ఇద్దరి మాటా నిజమే

రాత్రి ఎనిమిది గంటలు. జనరల్ వార్డులో హ్యాండోవర్ నడుస్తుంటే హెడ్ నర్సుకి ఫోను. "మేడమ్, బాబుకి ఒళ్లు కాలిపోతోంది. నైట్‌కి రాలేను." నలభై మంచాలకి ఇక మిగిలింది ఒక్క సిస్టర్. మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్న అమ్మాయిని ఉండిపొమ్మనాలా? రోగులందర్నీ ఆ ఒక్కదానికే వదిలేయాలా?

వెయిన్ దొరకని చేతికి కూడా కాన్యులా పెట్టగల మనిషి ఈ హెడ్ నర్సు. ఆ పనితనంతో, సీనియారిటీతో పైకి వచ్చింది. ఇలాంటి రాత్రిని ఎలా దాటాలో మాత్రం ఎవరూ నేర్పిన పాపాన పోలేదు. నర్సింగ్ కోర్సులో మేనేజ్‌మెంట్ పేపరు ఉంది కానీ, అది రాసిన ఎన్నేళ్లకో గాని కుర్చీ రాదు.

ఆసుపత్రి తగువుల్లో చాలావాటికి రెండు పక్కలా న్యాయం ఉంటుంది. బ్యారీ జాన్సన్ అనే అమెరికన్ ఇలాంటివాటి కోసం 1975లో ఒక పటం గీశాడు, 1992లో పుస్తకం రాశాడు. ఊపిరి పీల్చడం మేలా, వదలడం మేలా అని తేల్చుకుని ఒకదానితోనే బతకలేం కదా, ఇవీ అంతే అంటాడు.

ఐసీయూ తలుపునే తీసుకుందాం. పెద్ద కాగితం మీద నాలుగు గళ్లు గీస్తారు. ఎడమ పక్క "తలుపు మూసి ఉంచాలి", కుడి పక్క "ఇంటివాళ్లని రానివ్వాలి". పై గళ్లలో మేలు, కింది గళ్లలో దాన్నే పట్టుకు వేళ్లాడితే వచ్చే కీడు రాస్తారు. తలుపు మూస్తే ఇన్ఫెక్షన్ భయం తగ్గుతుంది, మందులిచ్చేటప్పుడు ధ్యాస చెదరదు. మూసే ఉంచితే ముసలాయన బెదిరిపోయి ట్యూబు పీక్కుంటాడు, మెట్ల మీద కూర్చున్న కొడుకు ఏం జరుగుతోందో తెలియక గొడవకి దిగుతాడు. తెరిస్తే భార్య గొంతు విని అదే ముసలాయన కుదుటపడతాడు. తెరిచే ఉంచితే మంచం చుట్టూ ఆరుగురు, నర్సుకి దారుండదు. ఆ తర్వాత అసలు పని: తలుపు మూయాలని పట్టుబట్టిన సిస్టర్‌ని కాగితానికి కుడి పక్కన నిలబెట్టి, అటు మాట చెప్పమంటారు. ఎటు ఒరిగామో ఏ గుర్తుతో తెలుస్తుంది, అప్పుడు ఎవరు ఏం చేయాలి అన్నదీ రాసుకుంటారు.

రెండు పక్కలా న్యాయం ఉన్న చిక్కు నర్సులకి కొత్త కాదు. 1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరినప్పుడు సైనిక డాక్టర్లకి వాళ్ల రాక ఇష్టం లేదు. డాక్టర్లు అడిగేదాకా రోగుల్ని తాకవద్దని ఆమె తన నర్సుల్ని ఆపింది. ఇంకెర్మన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లు ఓడల్లో వచ్చి పడ్డాక డాక్టర్లే పిలిచారు. ఆ పిలుపు వచ్చేదాకా మూలుగుతూ పడి ఉన్నవాళ్లని తలుచుకుంటే ఈ కథ నాకింకా మింగుడు పడదు. తోసుకుని వెళ్లి ఉంటే బహుశా నర్సులందర్నీ తిప్పి పంపేసేవారు.

మనుషులు చాలని చోట ఈ పటం మీద శిక్షణ ఒక్కటే ఇస్తే అది నర్సుల మీద మోపిన మరో బరువు. కాలిఫోర్నియా ఒక నర్సుకి ఎంతమంది రోగులుండొచ్చో చట్టం ద్వారా నిర్ణయించి 2004 నుంచి అమలుచేసింది. ఐసీయూలో ఇద్దరికి మించకూడదు. అలాంటి హద్దు ఉన్నప్పుడే పటం పనికొస్తుంది.

ఈ పని నేర్చిన హెడ్ నర్సు ఆ రాత్రి ఫోను చేసిన తల్లిని ఇంటి దగ్గరే ఉండమంటుంది. సాయంత్రపు సిస్టర్‌ని పన్నెండు దాకా ఉండమని అడుగుతుంది, ఆ పైన పక్క వార్డు నుంచి ఒకరిని తెస్తుంది, సూపరింటెండెంటుకి ఫోన్ చేసి రిజిస్టర్‌లో మనుషుల లెక్క ఉన్నదున్నట్టు రాస్తుంది. ఇంటికి వెళ్లేముందు డ్యూటీ చార్టు తీసి, ఆగిపోయిన ఆ సిస్టర్ పేరుకి ఎదురుగా మర్నాటి గడిలో "ఆఫ్" అని రాసి సంతకం పెడుతుంది.